అమ్మాయి మహిళా సహకార సంఘాల్లో పనిచేస్తానంటోంది, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసింది. బ్యాంకు కోచింగ్‌లో చేర్పించాను. ఇప్పుడేమో మహిళా సహకార సంఘాల్లో పనిచేస్తాను, దానికి పనికొచ్చే పీజీ చదువుతాను అంటోంది. నేను చాలా ఏళ్లుగా డ్వాక్రా గ్రూపులో ఉన్నాను, లీడర్‌గా కూడా చేశాను. మీటింగులు, కిస్తీలు, బ్యాంకు చుట్టూ తిరగడం... ఇందులో ఏముందో నాకు తెలుసు. డిగ్రీ చదివిన పిల్ల వీవోఏలా (గ్రామ సంఘం సహాయకురాలిలా) గౌరవ వేతనం పెంచమని ధర్నాలు చేయాలా? ఇది బతుకుతెరువు అవుతుందా? కోచింగ్ మాన్పించమంటారా?
– ఒక తల్లి, జనగామ జిల్లా

జవాబు: అమ్మా, మీరు కళ్లారా చూసినదాన్ని బట్టే భయపడుతున్నారు కాబట్టి దాన్ని కొట్టిపారేయను. ఊళ్లో సంఘాల లెక్కలన్నీ వీవోఏల చేతుల మీదుగా నడుస్తాయి, అయినా వాళ్లకు ఉద్యోగి హోదా లేదు. మీ అమ్మాయి ఆ పని కోసమే చదువుతానంటే నేనూ వద్దనే చెప్పేదాన్ని. కానీ ఆమె అంటున్నది సహకార సంఘం గురించి. మీరు నడిపిన గ్రూపుకూ దానికీ చాలా తేడా ఉంది.

గ్రూపులో పది పదిహేను మంది పొదుపు చేస్తారు, బ్యాంకు లింకేజీతో అప్పు తెచ్చుకుంటారు, కిస్తీలు కడతారు. సహకార సంఘం అంటే వ్యాపారం. దానికి వాటాధనం, బైలా (సంఘం నియమావళి), ఆడిట్, ఎన్నికైన పాలకవర్గం ఉంటాయి. సరుకు కొనాలి, అమ్మాలి, నష్టం రాకుండా చూసుకోవాలి. దీనికి చదువుకున్న, జీతం తీసుకునే మనుషులు కావాలి. మీ అమ్మాయికి చోటు ఉన్నది అక్కడ.

దూరం పోనక్కర్లేదు. పక్కనే హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలో ముల్కనూరు ఉంది. ‘స్వకృషి’ పాల ప్యాకెట్ మీరు చూసే ఉంటారు. ఆ డెయిరీ ఆడవాళ్లది. చుట్టుపక్కల ఊళ్లలో పాలు పోసే మహిళలే సభ్యులు, వాళ్లలోంచి ఎన్నికైన మహిళలే పాలకవర్గం. 2000లో మొదలైంది. అయితే ఒక్కరోజులో పుట్టింది కాదు. 1990ల నుంచే సహవికాస అనే సంస్థ వరంగల్, కరీంనగర్ పల్లెల్లో స్త్రీల పొదుపు సంఘాలు పెట్టించి, తమ డబ్బు తామే లెక్కపెట్టుకోవడం అలవాటు చేసింది. దానికి తోడు, అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి 1956లో మొదలుపెట్టిన గ్రామీణ సహకార సంఘం ఆ ఊళ్లోనే ఉంది కాబట్టి సహకారమంటే ఏమిటో అక్కడివాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేకపోయింది. ముందు పొదుపు, తర్వాత లెక్క, ఆ తర్వాతే వ్యాపారం. ఈ వరస తప్పి, ఎవరో గ్రాంటు ఇచ్చారని మిషన్లు కొని, తర్వాత తాళం వేసుకున్న సంఘాలు మీ మండలంలోనూ ఉండే ఉంటాయి.

ఒక పాల డెయిరీలో ఎన్ని రకాల ఉద్యోగాలుంటాయో చూడండి. ఊళ్లలో సేకరణ కేంద్రాలను చూసుకునే సూపర్‌వైజర్లు, వెన్నశాతం పరీక్షించే ల్యాబ్ వాళ్లు, ప్లాంటు నడిపేవాళ్లు, పశువుల డాక్టర్లు, దాణా పంపిణీ చేసేవాళ్లు, అమ్మకాలు చూసేవాళ్లు, అన్నిటికీ మించి అకౌంట్స్ వాళ్లు. వేలమంది సభ్యుల్లో ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న ఎంత, ఎంత రావాలి, దాణా బాకీ ఎంత పట్టుకోవాలి, ఏడాది చివర మిగులులో ఎవరికి ఎంత బోనస్... ఇదంతా తప్పు లేకుండా తేల్చాలి. బీకాం చదివిన పిల్లకు ఇంతకంటే తగిన పని ఏముంటుంది? తిరుపతిలో శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ ఉంది, 2014లో వచ్చింది. అందులోనూ సభ్యులంతా మహిళలే. చట్టం వేరు, సహకార చట్టం బదులు కంపెనీల చట్టం కింద నమోదైంది, కానీ యాజమాన్యం పాలు పోసేవాళ్లదే.

చట్టం ఊసు వచ్చింది కాబట్టి ఇంకో మాట. 1964 నాటి సహకార చట్టం కింద పాలకవర్గాన్ని పక్కనపెట్టి అధికారిని కూర్చోబెట్టే వీలు ప్రభుత్వానికి ఉండేది. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం తెచ్చింది. అందరూ మ్యాక్స్ చట్టం అంటారు. ప్రభుత్వ వాటా ఉండదు, బైలా సభ్యులే రాసుకుంటారు, మంచైనా చెడైనా బాధ్యత వాళ్లదే. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు ఇదే దారి పట్టాయి. ఈ చట్టం మన దగ్గర పుట్టినందుకు నాకు గర్వంగా ఉంటుంది. అయితే ఇదే పేరు పెట్టుకుని జనం దగ్గర డిపాజిట్లు వసూలు చేసి బోర్డు తిప్పేసిన సంఘాలూ ఉన్నాయి. బోర్డు మీద మ్యాక్స్ అని ఉన్నంత మాత్రాన మీ అమ్మాయి చేరిపోకూడదు.

చేరే ముందు ఆమె అడగాల్సిన ప్రశ్నల్లో మొదటిది: నా జీతం ఎవరి డబ్బులోంచి వస్తుంది? సభ్యుల వ్యాపారంలోంచి వస్తే, ఆ వ్యాపారం నడిచినంత కాలం ఉద్యోగం నడుస్తుంది. ప్రాజెక్టు నిధుల్లోంచి వస్తే ప్రాజెక్టుతోనే ముగుస్తుంది. స్వచ్ఛంద సంస్థల్లో చాలా పోస్టులు రెండో రకం, ఏడాది కాంట్రాక్టులు. పని నేర్చుకోవడానికి అవి మంచివే, వాటి మీద ఆధారపడి ఇంటికి లోను తీసుకోకూడదు. తర్వాత, సభ్యులందరూ కూర్చునే మహాజన సభ నిజంగా జరుగుతోందా, సంతకాలు మాత్రమే సేకరిస్తున్నారా అని చూడాలి. గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు అడగాలి. ఇవ్వడానికి వెనకాడితే అక్కడినుంచి లేచి రావడమే మేలు.

జీతం సంగతి దాచను. ఐటీ కంపెనీలో ఇచ్చేంత ఇక్కడ రాదు, ముఖ్యంగా మొదట్లో. బ్యాంకు ఉద్యోగానికి ఉన్న భద్రతా ఉండదు. మండలాలు తిరగాలి, బండి నడపడం రావాలి, పాల డెయిరీ అయితే తెల్లవారుజామున లేవాలి. ఇవన్నీ తెలిసి వస్తానంటేనే రావాలి.

ఇంకో విషయం ఆమెకు మీరే చెప్పండి, నాకంటే మీరు చెబితే బాగుంటుంది. పేద ఆడవాళ్లను ఉద్ధరించడానికి వెళ్తున్నానన్న ఊహ ఏమాత్రం ఉన్నా వదిలేయాలి. అక్కడ వాళ్లు యజమానులు, ఈమె ఉద్యోగి. అహ్మదాబాద్‌లో 1974లో ‘సేవా’ అనే మహిళా సంఘం తన బ్యాంకు పెట్టినప్పుడు 4,000 మంది కష్టజీవులైన మహిళలు తలా పది రూపాయలు వేసుకున్నారు. వాళ్లలో ఎంతోమందికి చదవడం, రాయడం రాదు. అయినా అది వాళ్ల బ్యాంకే. సంఘాల్లో పెద్ద ప్రమాదం ఎక్కడుందంటే, లెక్కలు తెలిసిన మేనేజరు నెమ్మదిగా పెత్తనం చేతికి తీసుకుంటాడు, పాలకవర్గం చెప్పినచోట సంతకం పెడుతుంది. మంచి మేనేజరు బ్యాలెన్స్ షీటును సభ్యులకు తెలుగులో చదివి వినిపిస్తుంది, అర్థమయ్యేదాకా విప్పి చెబుతుంది. ఆ ఓపిక ఉన్నవాళ్లు ఈ రంగంలో తక్కువ, అందుకే వాళ్లకు గిరాకీ ఎక్కువ.

‘ఇందులో ఏముందో నాకు తెలుసు’ అన్నారు. మీకు తెలిసింది చిన్నది కాదమ్మా. 2011లో దేశమంతటా జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలైనప్పుడు దానికి నమూనా మన సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) సంఘాలే. బిహార్, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల పల్లెలకు వెళ్లి సంఘాలు ఎలా పెట్టాలో నేర్పింది మీలాంటి మహిళలే, సీఆర్పీలుగా, అంటే సంఘాల్లోంచే వచ్చిన శిక్షకులుగా. భాష రాకపోయినా వెళ్లి, పంచసూత్రాలు (క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, కిస్తీలు, లెక్కలు) నేర్పి వచ్చారు. 2010లో మైక్రోఫైనాన్స్ అప్పులు మీద పడి ఊళ్లు అతలాకుతలమైనప్పుడు, వాటి వసూళ్లను అదుపు చేయడానికి ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చినప్పుడు, అప్పు ఎక్కడ ఆదుకుంటుందో ఎక్కడ ఉరి అవుతుందో ఏ కాలేజీ కంటే ముందు మీకు అర్థమైంది. ఆ అనుభవం మీ అమ్మాయికి ఏ పీజీలోనూ దొరకదు. ఈ నెల మీ గ్రూపు మీటింగుకు ఆమెను తీసుకెళ్లండి. మినిట్స్ పుస్తకం, క్యాష్‌బుక్, అప్పుల లెడ్జరు ముందు పెట్టి, తప్పులుంటే పట్టుకోమనండి. రెండు గంటల్లో విసుగొస్తే అది కూడా ఒక సమాధానమే.

చదువు విషయానికి వస్తే, గ్రామీణ మేనేజ్‌మెంట్‌కు దేశంలో పెద్ద పేరు గుజరాత్‌లోని ఆనంద్‌లో ఉన్న ఇర్మాది. 1979లో పాల విప్లవ పితామహుడు వర్గీస్ కురియన్ పెట్టారు. 2025లో పార్లమెంటు చేసిన చట్టంతో అది త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయంలో భాగమైంది. ఫీజు ఎక్కువ, విద్యా రుణం తప్పకపోవచ్చు. పుణెలోని వామ్నికామ్ సహకార రంగం కోసమే ఉన్న సంస్థ. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఎన్‌ఐఆర్‌డీపీఆర్‌లో గ్రామీణాభివృద్ధి పీజీ డిప్లొమాలున్నాయి, ఇంటికి దగ్గర. నా సలహా మాత్రం ఇది: పీజీకి ముందు ఒక ఏడాది ఏదైనా డెయిరీలోనో రైతు ఉత్పత్తిదారుల సంస్థలోనో అకౌంట్స్ విభాగంలో పనిచేయనివ్వండి. ట్యాలీ, జీఎస్టీ చేతికొస్తాయి. ఇంత రుణం పెట్టి చదవడం అవసరమా కాదా ఆ ఏడాదిలో ఆమెకే తెలుస్తుంది.

కోచింగ్ మాన్పించకండి. అక్కడ చెప్పే లెక్కలు, రీజనింగ్, ఇంగ్లిష్... క్యాట్ లాంటి మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్షలకూ పనికొస్తాయి. క్యాట్ దరఖాస్తులు మామూలుగా ఆగస్టు, సెప్టెంబర్‌లలో తీసుకుంటారు, పరీక్ష నవంబర్ చివర్లో. వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు అయిన నాబార్డ్ గ్రేడ్-ఏ ఆఫీసర్ పరీక్షను కూడా దృష్టిలో పెట్టుకోమనండి. అందులో వ్యవసాయం, గ్రామీణాభివృద్ధి ఒక పేపరు. మీకు కావాల్సిన భద్రత, ఆమెకు కావాల్సిన పని రెండూ ఒకేచోట దొరికే అవకాశం ఉన్నది ఆ ఉద్యోగంలోనే. పోటీ తీవ్రంగా ఉంటుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోకుండా, పైన చెప్పిన ఏడాది పనితో పాటే సిద్ధమవమనండి.