క్యాటలాగ్‌లా కాకుండా కథలా తీయాలంటే

పోచంపల్లి చీరల ఫొటోలు పది పంపితే మ్యాగజైన్ వాళ్లు "క్యాటలాగ్‌లా ఉన్నాయి" అని తిప్పి పంపారన్నారు కదా. లైటింగ్ బాగానే ఉందండీ. పదింటిలోనూ మోడల్ నిటారుగా నిలబడి కెమెరానే చూస్తోంది, చిక్కంతా అక్కడే.

ఎడిటోరియల్‌కి, అంటే పత్రికలో వరస ఫొటోలతో కథ చెప్పే ఫ్యాషన్ పేజీలకి, ముందు ఒక కథ కావాలి. పెళ్లికి బయల్దేరిన అమ్మాయికి బస్సు తప్పిపోయింది అనుకోండి. ఇక షాట్లు వాటంతటవే తోస్తాయి: దూరం నుంచి ఖాళీ బస్టాండు, బెంచీ మీద చెప్పు విప్పి పాదం రుద్దుకుంటుంటే నేలకి జారిన కుచ్చిళ్లు, పిడికిట్లో నలిగిన కొంగు. చీర మొత్తం కనిపించే ఫొటో ఒక్కటి చాలు. (బస్టాండులో తీయాలంటే అనుమతి ముందే తీసుకోండి, లేకపోతే టెన్షన్.)

రెండు పేజీలకి పరిచే ఫొటోలో ముఖం సరిగ్గా మధ్యలో పెట్టకండి, మడతలో పోతుంది. నేనలా ఒక మోడల్ ముక్కు పోగొట్టాను! సన్నటి నేత మీద మోయిరే గీతలు (బట్టలో లేకున్నా ఫొటోలో కనిపించే అలల్లాంటి చారలు) వస్తే ఒకడుగు వెనక్కి జరిగి, లేదా కోణం మార్చి తీయండి. ప్రింటుకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 8.5×11 అంగుళాల పేజీకి 2550×3300 పిక్సెళ్లు కావాలి.

ఈసారి పంపేముందు ఆ పత్రిక పాత సంచికలు నాలుగైదు తిరగేయండి.