మోటారు డ్రైవుకు నాన్‌లీనియర్ కంట్రోల్ రాయబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ పర్మనెంట్ మాగ్నెట్ సింక్రనస్ మోటారుకు (రోటరులో శాశ్వత అయస్కాంతాలున్న ఏసీ మోటారు) స్లైడింగ్ మోడ్ (దోషం గుర్తును బట్టి నియంత్రణను అటూ ఇటూ మార్చే పద్ధతి) వాడాలా, బ్యాక్‌స్టెపింగ్ (నియంత్రణను మెట్టుమెట్టుగా కట్టుకుపోయే పద్ధతి) వాడాలా అని అడిగావు. అది తరువాత తేల్చుకోవచ్చు. ముందు రోటరుతో పాటు తిరిగే డి-క్యూ అక్షాల్లో వోల్టేజీ సమీకరణాలు స్వయంగా రాసుకొని, వేగమూ కరెంటూ ఎక్కడెక్కడ ఒకదానితో ఒకటి గుణించుకుంటున్నాయో గుర్తించు. అయస్కాంతాలు రోటరు లోపల పొదిగి ఉన్న రకమైతే టార్క్ సమీకరణంలోనూ రెండు కరెంట్ల లబ్ధం ఉంటుంది. ఇనుము శాచురేట్ అయినప్పుడు మారే ఇండక్టెన్సూ, ఇన్వర్టరులో పై, కింది స్విచ్చులు ఒకేసారి ఆన్ కాకుండా వదిలే డెడ్‌టైమూ, ఇన్వర్టరుకు సరఫరా ఇచ్చే డీసీ బస్ విధించే వోల్టేజీ హద్దూ ఆ సమీకరణాల్లో కనిపించవు గానీ, పరీక్షల్లో ఎక్కువగా వేధించేవి అవే.

లబ్ధ పదాలకు విరుగుడు నీ దగ్గర ఇప్పటికే ఉంది. 1970ల తొలి ఏళ్లలో బ్లాష్కె ప్రతిపాదించిన ఫీల్డ్ ఓరియెంటెడ్ కంట్రోల్‌ను (కరెంటును ఫ్లక్స్ భాగం, టార్క్ భాగం అని విడదీసి నడిపే పద్ధతి) అమలు చేసేటప్పుడు పీఐ కంట్రోలర్ల (దోషానికీ, దాని ఇంటిగ్రల్‌కూ స్పందించేవి) ఔట్‌పుట్‌కు ఆ లబ్ధాలను రద్దు చేసే డీకప్లింగ్ పదాలు కలుపుతాం కదా, అది నిజానికి ఫీడ్‌బ్యాక్ లీనియరైజేషనే, అంటే నాన్‌లీనియర్ పదాలను లెక్కించి కొట్టేయడమే. దాని బలహీనత మనం నమ్ముకున్న విలువల్లో ఉంది. రాగి నిరోధం డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.39 శాతం పెరుగుతుంది కాబట్టి, వైండింగ్ 100 డిగ్రీలు వేడెక్కితే మోటారు చల్లగా ఉన్నప్పుడు నువ్వు కొలిచిన నిరోధం దాదాపు 40 శాతం తప్పుతుంది; నియోడైమియం అయస్కాంతాల ఫ్లక్స్ కూడా అదే వేడికి సుమారు పది శాతం తగ్గుతుంది. పీఐలోని ఇంటిగ్రేటర్ ఈ లోటును నెమ్మదిగా సర్దేస్తుంది కనుక వేగం గ్రాఫులో ఏ తేడా కనిపించదు. అందుకే వేగాన్ని మాత్రమే చూడకు. అదే టార్క్‌కు వేడి మోటారు ఎంత కరెంటు అదనంగా తీసుకుంటోందో చూడు.

ఆలస్యాన్ని తక్కువగా అంచనా వేయకు. ఇన్వర్టరు స్విచ్చులను నడిపే పీడబ్ల్యూఎం పల్సుల పౌనఃపున్యం 10 కిలోహెర్ట్జ్ అయితే లెక్కకూ అమలుకూ కలిపి సుమారు 150 మైక్రోసెకన్లు పోతాయి. నాలుగు ధ్రువ జతల మోటారు నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు విద్యుత్ పౌనఃపున్యం 400 హెర్ట్జ్, కాబట్టి ఆ కాలంలో రోటరు విద్యుత్ కోణం 21 డిగ్రీలకు పైగా ముందుకు జరిగిపోతుంది. ఈ కోణాన్ని సవరించకుండా ఎంత గొప్ప పద్ధతి పెట్టినా డి, క్యూ కరెంట్లు ఒకదాన్నొకటి లాగుతూనే ఉంటాయి.

స్లైడింగ్ మోడ్ లోడు మార్పులను బాగా తట్టుకుంటుంది, నాకూ ఇష్టమే. కానీ అది వేగం కొలతలోని మచ్చలనూ అంతే శ్రద్ధగా వెంటాడుతుంది. రోటరు స్థానం కొలిచే 2500 గీతల ఎన్‌కోడరును నాలుగింతలు చేస్తే చుట్టుకు 10,000 లెక్కలు వస్తాయి. వేగాన్ని 1 మిల్లీసెకనుకు ఒకసారి లెక్కిస్తే ఒక్క లెక్క తేడా నిమిషానికి 6 చుట్లు, 100 మైక్రోసెకన్లకు ఒకసారి లెక్కిస్తే 60 చుట్లు! ఆ మెట్లను స్లైడింగ్ మోడ్‌లో దోషం ధనమా ఋణమా అని మాత్రమే చూసే సైన్ (sign) ఫంక్షన్‌కు అందిస్తే మోటారు గీపెడుతుంది. ఆ ఫంక్షన్ గెంతును మెత్తబరిచే బౌండరీ లేయర్ పెంచితే మోత తగ్గి స్థిరదోషం పెరుగుతుంది. కాబట్టి మంచి అబ్జర్వరుతో (మోటారు నమూనా ఆధారంగా రాశులను అంచనా వేసే లెక్క) వేగాన్ని అంచనా వేసి, లోడు టార్క్‌నూ దానితోనే అంచనా వేసి ముందుగానే కలిపేస్తే, స్విచింగ్ గెయిన్ చాలా చిన్నదిగా ఉంచుకోవచ్చు. మోత తక్కువగా ఉండే స్లైడింగ్ మోడ్ రకమైన సూపర్ ట్విస్టింగ్‌ను దాని తరువాత ప్రయత్నించు.

బ్యాక్‌స్టెపింగ్‌లో ప్రతి మెట్టులోనూ కల్పిత నియంత్రణ అవకలజం కావాలి; శబ్దం అక్కడ మళ్లీ చొరబడుతుంది. కాగితం మీద స్థిరత్వాన్ని రుజువు చేసే లయపునోవ్ నిరూపణ అందంగానే ఉంటుంది గానీ వోల్టేజీ హద్దు తాకిన క్షణం నుంచి వర్తించదు. 300 వోల్ట్ల డీసీ బస్‌తో స్పేస్ వెక్టర్ పీడబ్ల్యూఎం పద్ధతిలో ఫేజు వోల్టేజీ శిఖరం 173 వోల్ట్లే, అంతకు మించి నువ్వు అడిగినదంతా కోతకు గురవుతుంది. ఇంటిగ్రేటరునూ, మోటారు విలువలను నడుస్తుండగా సవరించే అడాప్టేషన్‌నూ ఆ సమయంలో ఆపే ఏర్పాటు మొదటి రోజే రాసుకో.

పోలిక కోసం పీఐని నిర్లక్ష్యంగా ట్యూన్ చేసి నీ పద్ధతి గెలిచిందని చెప్పకు. యాంటీ వైండప్ (హద్దు తాకినప్పుడు ఇంటిగ్రేటరు పేరుకుపోకుండా ఆపే ఏర్పాటు), డీకప్లింగ్, ఆలస్యపు సవరణ అన్నీ దానికీ ఇచ్చి, అదే లోడు మెట్టు పెట్టి, వేడి మోటారు మీదే పోల్చు. ఇక ఓవర్ కరెంట్ ట్రిప్‌ను నీ కోడుకు అప్పగించవద్దు. గేట్ డ్రైవర్లను నేరుగా ఆపే కంపారేటరు సర్క్యూట్‌ను విడిగా పెట్టించి, అది పనిచేస్తోందని చూసుకున్నాకే డీసీ బస్‌కు పూర్తి వోల్టేజీ ఇవ్వు.