సృష్టి దగ్గర మొదలుపెట్టు

తమ్ముడికి,

వందనాలు. నువ్వు పంపిన వ్యాసం చదివాను. బాప్టిస్టు ఇంట్లో పుట్టి, ఒంగోల్లో ఉంటూ, "నా నమ్మకం గ్నాస్టిక్ నమ్మకం, మా సంఘం నేర్పింది వేరు" అని పేరు పెట్టి రాయడానికి గుండె కావాలి. రెండో శతాబ్దంలో లోపలి జ్ఞానంతో రక్షణ అని నేర్పిన గ్నాస్టిక్ గుంపులను సంఘం తప్పుబోధకులనే అంది కదా. ఇలాంటి వ్యాసాన్ని చదివేవాళ్లు తప్పు కోసం వెతుకుతూ చదువుతారు. ఒక్క సంవత్సరం తప్పినా, ఒక్క గ్రంథానికి దానిలో లేని మాట అంటగట్టినా అదే పట్టుకుని మిగతాదంతా పక్కన పెట్టేస్తారు. అందుకని మొహమాటపడకుండా రాస్తున్నాను.

నీ వ్యాసమంతా ఒక గీత మీద నడిచింది: సంఘానిది గుడ్డి నమ్మకం, గ్నాస్టిక్కులది లోపలి జ్ఞానం. ఆ గీత నిలవదు. యోహాను సువార్త 17వ అధ్యాయం 3వ వచనం తీసి చూడు. తండ్రిని, ఆయన పంపిన క్రీస్తును ఎరగడమే నిత్యజీవమని అక్కడే ఉంది. అటుపక్క ఈజిప్టులోని నాగ్ హమ్మాదీలో దొరికిన పాత గ్రంథాల్లో ఒకటైన ఫిలిప్పు సువార్త 79వ పేజీ చూడు. లోకంలో సేద్యానికి నేల, నీరు, గాలి, వెలుతురు కావాలి, దేవుని సేద్యానికీ నాలుగు కావాలి అంటుంది. విశ్వాసం నేల, నిరీక్షణ నీరు, ప్రేమ గాలి, జ్ఞానం వెలుతురు. నేల లేకుండా వెలుతురు ఒక్కటే చాలని ఆ గ్రంథం అనలేదు. కాబట్టి విశ్వాసం ఒకరిది, జ్ఞానం ఇంకొకరిది అని పంచేస్తే రెండు వైపులా అన్యాయం చేసినట్టే.

అసలు తేడా ఇంకా లోతులో ఉంది. ఈ లోకాన్ని చేసింది ఎవరు? చేసినది మంచిదేనా? యేసు శరీరం, సిలువ, పునరుత్థానం, పాత నిబంధన, వీటన్నిటి మీదా వచ్చే తేడాలు ఈ ప్రశ్నలోంచే పుడతాయి. వ్యాసం అక్కడ మొదలుపెట్టు.

సంఘం మాట ఆదికాండము మొదటి అధ్యాయంలోనే ఉంది. దేవుడు తాను చేసినదంతా చూశాడు, అది చాలా మంచిదిగా ఉంది. 325లో నైసియాలో కూడిన బిషప్పుల మహాసభ రాసిన విశ్వాస ప్రమాణం కూడా కనిపించేవి, కనిపించనివి అన్నిటినీ చేసిన ఒక్క తండ్రితోనే మొదలవుతుంది. మన బాప్టిస్టు సంఘాల్లో ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణం చెప్పించే ఆనవాయితీ పెద్దగా లేదు. ఆర్‌.సి.ఎం. గుడిలో, అంటే రోమన్ కాథలిక్కుల దగ్గర, ఉంది. అయినా ఈ ఒక్క మాట మీద ఇద్దరూ ఒకటే. బాప్తిస్మం పసిబిడ్డకా, పెద్దయ్యాకా, చిలకరించాలా, ముంచాలా అన్న వాదాలేవీ ఈ మాటను తాకవు. నువ్వు "క్రైస్తవుల నమ్మకం" అని రాసిన చోటల్లా ఏ సంఘం అని అడుగుతారు. అందరికీ ఉమ్మడిగా ఉన్న ఈ మాట మీద నిలబడితే ఆ ప్రశ్నకు నీ దగ్గర జవాబు ఉంటుంది.

గ్నాస్టిక్ వైపుకి యోహాను రహస్య గ్రంథం తీసుకో. దానికి నాలుగు ప్రతులు దొరికాయి. మూడు నాగ్ హమ్మాదీలో, ఒకటి బెర్లిన్ కోడెక్సులో (కోడెక్సు అంటే చేత్తో రాసి అట్ట కట్టిన పాత పుస్తకం). రెండు పొడవు పాఠాలు, రెండు పొట్టివి. ఏ ప్రతిలోంచి తీసుకున్నావో చెప్పకుండా ఉటంకించవద్దు. అందులో కథ ఇదీ: పైన మాటలకందని అదృశ్య ఆత్మ. ఆయన నుంచి వెలువడిన దివ్య రూపాలన్నీ కలిసిన సంపూర్ణతే ప్లెరోమా. వాటిలో చివరిదైన సోఫియా తన జంట సమ్మతి లేకుండా ఒక రూపాన్ని కంటుంది. సింహం ముఖం, పాము ఒళ్లు ఉన్న ఆ బిడ్డే యల్దబోత్. తన పైన ఎవరున్నారో తెలియక వాడే ఈ లోకాన్ని చేసి, నేను రోషముగల దేవుణ్ణి, నేను తప్ప వేరే దేవుడు లేడు అంటాడు. నాగ్ హమ్మాదీ రెండో కోడెక్సు 13వ పేజీలో ఉంది ఆ మాట. గ్రంథం వెంటనే అడుగుతుంది: ఇంకొకడు లేకపోతే ఎవరి మీద రోషం? నిర్గమకాండములో సీనాయి కొండ మీద వినిపించిన మాటను ఇలా తలకిందులు చేయడం మామూలు విషయం కాదు. నీ వ్యాసంలో ఈ ఘట్టం రెండు వాక్యాల్లో అయిపోయింది. కనీసం ఒక పేజీ ఇవ్వు.

అయితే గ్నాస్టిక్కులందరూ సృష్టికర్తను ఇంత కఠినంగా చూడలేదు. రెండో శతాబ్దంలో రోములో బోధించిన గ్నాస్టిక్ గురువు వాలెంటైనస్‌కు శిష్యుడైన టోలెమీ, ఫ్లోరా అనే స్త్రీకి రాసిన లేఖ చదువు. మోషే ధర్మశాస్త్రంలో కొంత దేవుడిది, కొంత మోషే సొంతం, కొంత పెద్దలు కలిపింది అని విడదీసి, ఆ ధర్మశాస్త్రం ఇచ్చినవాడు పరిపూర్ణుడూ కాడు, సాతానూ కాడు, మధ్యలో ఉన్న న్యాయవంతుడు అని తేలుస్తాడు. ఎంతో మర్యాదగా, పొందికగా రాసిన లేఖ అది. ఎపిఫేనియస్ అనే బిషప్పు ఖండించడానికని తన పుస్తకంలో ఎత్తి రాయబట్టి మనకు దక్కింది. యల్దబోత్ కథ ఒక కొస, టోలెమీ ఇంకో కొస. నీ సొంత నమ్మకం ఎటువైపుకి దగ్గర? వ్యాసంలో ఎక్కడా చెప్పలేదు. చెప్పాలి.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి. చదువరి ఎవరో మరిచిపోయి రాశావు. 1876 నుంచి 78 దాకా కరువు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని ఆ పనులు నడిచే రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చాలామంది మాదిగలు. అంటరానిదని ఊరు తోసేసిన ఒంటిని దేవుడే చేశాడు, అది మంచిది, ఒకనాడు మళ్లీ లేస్తుంది అన్న మాట వాళ్లకు ఎంత ఆసరా అయ్యిందో ఆలోచించు. వాళ్ల మునిమనవలు నీ వ్యాసం చదువుతారు. "శరీరం ఒక చెర, దాన్ని చేసింది అజ్ఞాని" అని నువ్వు ఒక్క వాక్యంలో పడేస్తే, ఏ మాట పట్టుకుని వాళ్ల పెద్దలు తలెత్తారో ఆ మాటనే కొట్టేసినట్టు వాళ్లకు వినిపిస్తుంది.

దీనికి గ్నాస్టిక్ వైపు నుంచి గట్టి జవాబు ఉంది. నువ్వు దాన్ని వాడుకోలేదు. కులం, కరువు, అధికారం, వీటితో నడిచే లోకాన్ని ఉన్నదున్నట్టు చూసి, ఇది మంచి దేవుడి ఏర్పాటు అని అనలేను అన్నవాడు గ్నాస్టిక్. లోకాన్ని ఏలే శక్తులకు ఆర్కన్లు అని పేరు పెట్టి, అవి మన లోపలి వెలుగుకు యజమానులు కావు అన్నాడు. బాధకు ఇది జవాబు అవుతుందా, సంఘం చెప్పే జవాబు నిలుస్తుందా? మంచిగా చేసిన లోకం పాపం వల్ల చెడింది, దేవుడు దాన్ని విడిచిపెట్టక అందులోకే శరీరధారిగా వచ్చాడు అంటుంది సంఘం. ఈ రెండు మాటలను రెండూ బలంగా ఉన్నప్పుడు ఎదురెదురుగా నిలబెట్టు. నా మటుకు నేను సంఘం వైపువాణ్ణే. కానీ నీ వైపు వాదాన్ని ఇంతకంటే బలంగా చదవాలని ఉంది.

మిగతా తేడాలు దీని వెనకే వస్తాయి. సృష్టి చెడ్డదైతే రక్షకుడు నిజంగా ఒళ్లు తొడుక్కుంటాడా? నాగ్ హమ్మాదీలోనే దొరికిన మహా షేతు రెండవ గ్రంథంలో సిలువ మోసింది కురేనీయుడైన సీమోను, అసలు క్రీస్తు పైనుంచి నవ్వుతున్నాడు. దాన్ని పట్టుకుని "గ్నాస్టిక్కులు సిలువను ఒప్పుకోరు" అని రాసేశావు. సత్య సువార్త తెరిస్తే యేసు మానుకు మేకులతో కొట్టబడ్డాడు, తండ్రి జ్ఞానానికి ఫలమయ్యాడు అని ఉంటుంది. పునరుత్థానం గురించి ఫిలిప్పు సువార్త 73వ పేజీ, ముందు చనిపోయి తర్వాత లేస్తామనేవాళ్లు పొరబడ్డారు, బతికుండగానే పునరుత్థానం పొందాలి అంటుంది. రెండో తిమోతి పత్రిక 2:18లో, పునరుత్థానం గతించిందని చెప్పేవాళ్ల మీద హెచ్చరిక ఉంది. ఈ రెండిటినీ ఒకే పేరాలో పక్కపక్కన పెట్టు. తేడా చదువరికి తానే కనిపిస్తుంది, నువ్వు వివరించనక్కర్లేదు.

రాసే పద్ధతి చెప్తాను. నోట్‌బుక్కులో పేజీకి మూడు గళ్లు గియ్యి. మొదటి గడిలో గ్రంథం చెప్పింది, రెండో గడిలో సంఘం చెప్పేది, మూడో గడిలో నువ్వు నమ్మేది. దేవుడు, సృష్టి, యేసు, రక్షణ, శరీరం, గ్రంథాలు, ఒక్కోదానికి ఒక్కో పేజీ. మొదటి గడిలో గ్రంథం పేరు, కోడెక్సు సంఖ్య, పేజీ లేకుండా ఏ మాటా రాయకు. రెండో గడిలో వాక్యం సంఖ్యో, విశ్వాస ప్రమాణంలోని మాటో ఉండాలి. మూడో గడిలో ప్రతి వాక్యం "నేను" తో మొదలవ్వాలి. నీ వ్యాసంలో ఎక్కువగా చెడింది ఇక్కడే. ధ్యానంలో నీకు తోచిన మాటను "గ్నాస్టిక్కులు చెప్పారు" అని రాశావు. నీ అనుభవానికి రెండో శతాబ్దం సంతకం అక్కర్లేదు. నీదిగా చెప్తేనే దానికి విలువ. మూడో గడి ఖాళీగా మిగిలిన పేజీ ఉంటే ఆ విషయం మీద ఇంకా నీకు నమ్మకం కుదరలేదని అర్థం. వ్యాసంలో అలాగే ఒప్పుకో.

గ్రంథాలు ఎక్కువ వద్దు. మూడు వేల మాటల వ్యాసానికి రెండు గ్నాస్టిక్ గ్రంథాలు చాలు. పన్నెండు పేర్లు చెప్పి ఒక్కోదానికీ ఒక వాక్యం ఇస్తే ఏదీ చదవలేదనుకుంటారు. ఇంగ్లీషు అనువాదాలు రెండు పక్కపక్కన పెట్టుకుని చదువు. చదరపు బ్రాకెట్లలో ఉన్న మాటలు ప్రతిలో చెరిగిపోయిన చోట సంపాదకులు ఊహించినవి. ఫిలిప్పు సువార్త 63వ పేజీలో రక్షకుడు మగ్దలేనే మరియను ముద్దుపెట్టుకున్న చోట, ఎక్కడ అన్న మాట దగ్గరే పత్రానికి చిల్లు పడింది. నువ్వు "పెదవుల మీద" అని ఖాయంగా రాశావు. తీసెయ్యి.

చరిత్ర తప్పులు కొన్ని. నైసియాలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి సువార్తలు ఏరి మిగతావి తగలబెట్టించాడన్నావు. ఆ సభ కుమారుడు తండ్రితో సమానుడా అన్న అరియస్ వివాదం మీద, ఈస్టరు తేదీ మీద కూర్చుంది. బైబిల్లో ఏ పుస్తకాలుండాలన్నది అక్కడ తేల్చలేదు. నాలుగు సువార్తలే అని లియోను బిషప్పు ఇరేనియస్ దాదాపు 180లోనే వాదించాడు. ఇప్పుడున్న 27 కొత్త నిబంధన పుస్తకాల జాబితా అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ 367లో రాసిన పండుగ లేఖలో కనిపిస్తుంది. 1945లో ఈజిప్టులో దొరికిన నాగ్ హమ్మాదీ పుస్తకాల్లో ఏడోదాని అట్టలో కుక్కిన పాత పత్రాల మీద 348 దాకా తేదీలున్నాయి. అంటే నైసియా అయిన ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఈ గ్రంథాలను ఎత్తి రాసి అట్టలు కడుతూనే ఉన్నారు.

తోమా సువార్తను గ్నాస్టిక్ గ్రంథమని తేల్చెయ్యకు. 114 మాటల ఆ పుస్తకంలో సోఫియా లేదు, యల్దబోత్ లేడు. పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. గ్నాస్టిక్కులు స్త్రీలకు సమాన స్థానమిచ్చారని రాసే ముందు అందులో మరియను మగవాడిగా మారుస్తానన్న 114వ మాట చదువు. మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ యూంగ్ 1916లో బసిలిడెస్ పేరు పెట్టి రాసిన ఉపన్యాసాలను నువ్వు రెండో శతాబ్దపు గ్నాస్టిక్ గురువు బసిలిడెస్ మాటలుగా ఎత్తావు. అది మాత్రం ఎవరి కంటా పడకముందే మార్చు.

అద్వైతంతో పోలిక కూడా తగ్గించు. మాయావాదం, గ్నాస్టిక్ వాదం ఒకటే అని రెండు చోట్ల రాశావు. అద్వైతంలో ఈశ్వరుడు అజ్ఞాని కాడు, మాయ ఆయనను కట్టదు, బ్రహ్మానికి ఆయన విరోధి కాడు. యల్దబోత్‌కు తన పైనున్నది తెలియనే తెలియదు. మన చదువరికి దగ్గరగా ఉంటుందని తెచ్చిన పోలిక వల్ల గ్నాస్టిక్కుల అసలు ఫిర్యాదే కనపడకుండా పోతుంది.

సంఘం వైపు రాసిన భాగాన్ని రామాయపట్నంలోనో మరెక్కడో వేదాంతం చదివిన పాస్టరుగారికి చూపించు. "మీ నమ్మకాన్ని నేను సరిగ్గా చెప్పానా" అని ఒక్కటే అడుగు, మెచ్చుకోమని అడగొద్దు. ఆయన దిద్దినచోట దిద్దు. గ్నాస్టిక్కుల వైపు అడగడానికి మన దగ్గర అలాంటి సంఘం లేదు కాబట్టి అక్కడ గ్రంథమే నీ పాస్టరు. ఇరేనియస్ చెప్పిన సారాంశాన్ని మాత్రమే నమ్ముకోవద్దు, ఆయన ఎదుటి పక్షం మనిషి. అయినా ఒక్క మాటకు ఆయన్ని తప్పక చదువు. వీళ్లు మనలాగే మాట్లాడతారు, అర్థం వేరు పెట్టుకుంటారు అని ఆయన బాధపడ్డాడు. అంటే వాలెంటైనస్ మనుషులు సంఘంలోనే, పక్క బల్ల మీదే కూర్చునేవాళ్లు. నువ్వూ ఇంకా ఆదివారం వెళ్తున్నావని రాశావు కదా, ఈ భాగం నీ వ్యాసంలో చాలా బాగా పండుతుంది.

ముందు సృష్టి పేజీ, శరీరం పేజీ పూర్తి చేసి మూడు గళ్లూ నాకు పంపు. మిగతావి ఆ తర్వాత చూద్దాం.

నీ అన్న