డీబీఎంఎస్ ప్రాజెక్టులు చేయించబోయే ముందు

అమ్మాయీ,

రెండో సంవత్సరం వాళ్లకు డీబీఎంఎస్ (డేటాబేస్‌ల పాఠం) నీకిచ్చారని, అరవై మంది చేతా గ్రూపుల్లో ప్రాజెక్టు చేయించాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను.

లైబ్రరీ మేనేజ్‌మెంట్ మాత్రం ఇవ్వకు తల్లీ. అది సీనియర్ల దగ్గర రెడీగా దొరుకుతుంది. పిల్లల్ని ఊళ్లోకి పంపు. నేను కిరాణా కొట్టుకు పంపేవాణ్ణి. నలుగురిలో ఒకరు అరువు ఖాతాలు, ఒకరు సరుకు తెచ్చే హోల్‌సేలు వాళ్ల లెక్క, ఒకరు రోజువారీ అమ్మకాలు, ఒకరు స్టాకు కనుక్కుని రావాలి. 1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్‌సన్ మొదలుపెట్టిన జిగ్‌సా పద్ధతి కిటుకు ఇదే: ఎవరి ముక్క వాళ్ల దగ్గరే ఉంటుంది, అది లేకపోతే మిగతావాళ్ల పని సాగదు.

ఒక గ్రూపు తెచ్చిన ఖాతా పుస్తకంలో సగం పేర్లే లేవు. ‘మేడ మీద టీచరమ్మ’, ‘పాలాయన’ అని రాసుంది. ఫోన్ నంబరు ప్రైమరీ కీ, అంటే ఒక్కో ఖాతాను విడిగా గుర్తుపట్టే గుర్తు, చేద్దామన్నాడొకడు. ఖాతాలు చూసొచ్చిన అమ్మాయి ఒప్పుకోలేదు. ఇద్దరన్నదమ్ములకు ఒకటే ఫోను, ఖాతాలు మాత్రం వేరంది. గంటసేపు వాదించుకున్నారు. జవాబు నా నాలుక చివర ఉన్నా చెప్పలేదు. చివరికి ప్రతి ఖాతాకూ ఒక నంబరు వాళ్లే ఇచ్చుకున్నారు.

వాళ్లే నార్మలైజేషన్ (ఒకే సంగతి రెండు చోట్ల రాయకుండా టేబుళ్లు విడగొట్టడం) ఉత్సాహంలో ధరను సరుకుల టేబుల్లో మాత్రమే ఉంచారు. కందిపప్పు ధర మార్చగానే పోయిన నెల బిల్లులన్నీ మారిపోయాయి! కొట్టు ఖాతా పుస్తకంతో పోల్చి చూసుకుంటే మొత్తం కలవలేదు. అమ్మిన రోజు ధర ఆ అమ్మకానికి చెందిన సంగతి, దాన్ని బిల్లులో రాయడం డూప్లికేషన్ కాదు. నార్మలైజేషన్‌లో మూడో మెట్టైన థర్డ్ నార్మల్ ఫారం నిర్వచనం అప్పజెప్పించినా ఇది తలకెక్కదు.

గ్రూపులు నువ్వే వెయ్యి, నలుగురికి మించనీయకు. టేబుళ్లు ఒకరికి, స్క్రీన్లు ఒకరికి, రికార్డు పుస్తకం ఒకరికి అని పంచుకోనిచ్చావా, డిజైను నేర్చుకునేది ఒక్కరే. ఏ వివరానికి ఏది సంబంధమో చూపే బొమ్మ, అదే ఈఆర్ డయాగ్రం, నలుగురూ బోర్డు ముందు నిలబడి గీయాలి. ఒక్క టేబులైనా క్రియేట్ చేసేది ఆ తర్వాతే.

మార్కుల విషయంలో నేను మొదటి ఏడాది తప్పు చేశాను. గ్రూపంతటికీ ఒకే మార్కు వేశాను. పనంతా ఒంటిచేత్తో చేసిన పిల్ల స్టాఫ్ రూం గుమ్మం దగ్గర రికార్డు పట్టుకుని నిలబడి, ఏమీ అడక్కుండానే వెళ్లిపోయింది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆ మరుసటి ఏటి నుంచి సగం మార్కులు గ్రూపుకి, సగం విడిగా వైవాకి పెట్టాను. వైవాలో చీటీ తీస్తాను. పేరొచ్చిన వాళ్లు తాము చూసింది కాక, పక్కవాళ్లు చూసిన భాగంలోని టేబుల్ అలా ఎందుకుందో చెప్పాలి. దాంతో వైవా ముందు క్యాంటీన్లో ఒకరికొకరు చెప్పుకోవడం మొదలైంది.

మొదటి డయాగ్రం గీయగానే బోర్డు ఫొటో తీసి పంపు. తుడిపించకు, తప్పులున్నా అలాగే పంపు.

మీ మాస్టారు