షియామెన్‌లో మొదటిసారి దిగేవాళ్లు ఫోను సంగతి ఇంట్లోనే చూసుకోండి

"మార్చిలో షియామెన్ స్టోన్ ఫెయిర్‌కి, అదే రాళ్ల ప్రదర్శనకి, ఒక్కడినే వెళ్తున్నా. చైనా ఇదే మొదలు. ఎయిర్‌పోర్టులో భాష రాక ఇరుక్కుంటానా?" అని కదా మీ ప్రశ్న.

నాది చీమకుర్తి. గెలాక్సీ గ్రానైట్ బేరాల మీద మూడుసార్లు అక్కడ దిగాను. ఎయిర్‌పోర్టుతో ఇబ్బందేమీ లేదండీ, బోర్డులన్నీ ఇంగ్లీషులోనూ ఉంటాయి. ఇబ్బందంతా మన ఫోనుతోనే.

మొదటిసారి నేను చేసిన తప్పు చెప్తా. "అంత పెద్ద ఎయిర్‌పోర్టు, వైఫై ఉండదా" అనుకుని రోమింగ్ వేయించుకోకుండా వెళ్లాను. వైఫై ఉంది. కానీ దానికి కోడ్ రావాలంటే చైనా నంబరు కావాలి. పాస్‌పోర్టు స్కాన్ చేస్తే కోడ్ ఇచ్చే మెషీన్ వెతికి పట్టుకుని, చివరికి కనెక్ట్ అయితే వాట్సాప్ తెరుచుకోలేదు. గూగుల్ మ్యాప్స్ లేదు, జీమెయిల్ లేదు. చైనాలో ఇవన్నీ బ్లాక్ చేసి ఉంటాయి. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన ఏజెంటు నంబరు వాట్సాప్‌లోనే ఉంది! అతను అరగంట బయట, నేను అరగంట లోపల. మన సిమ్ మీదే రోమింగ్ ప్యాక్ గానీ, ట్రావెల్ ఈసిమ్ గానీ ఇంట్లోనే వేయించుకోండి. రోమింగ్ డేటా మన కంపెనీ నెట్‌వర్క్ మీదుగా వస్తుంది కాబట్టి వాట్సాప్ మామూలుగానే పనిచేస్తుంది.

రెండోది అలీపే, అంటే అక్కడ ఫోనుతో డబ్బు కట్టే యాప్. పాస్‌పోర్టు వివరాలిచ్చి మీ వీసా కార్డో, మాస్టర్ కార్డో ఇక్కడే జత చేసుకోండి. రూపే కార్డును నమ్ముకోవద్దు. 200 యువాన్లు దాటిన చెల్లింపుకి 3 శాతం అదనంగా పట్టుకుంటారు, చిన్న బిల్లులకి ఉండదు. టాక్సీ పిలిచే దీదీ కూడా అలీపేలోనే ఉంటుంది. డ్రైవరు చైనీస్‌లో మెసేజ్ పెడితే అదే అనువాదం చేసి చూపిస్తుంది. ఫోన్ చేశాడా, ఏమీ చేయలేం, "నీ హావ్" (నమస్కారం) అని పెట్టేయడమే. హోటల్ పేరూ అడ్రసూ చైనీస్ అక్షరాల్లో ఫొటో తీసి పెట్టుకోండి. ఇంగ్లీషు పేరు చదివి వినిపిస్తే అక్కడ ఎవరికీ అర్థం కాదు.

ఇక దిగాక జరిగేది తక్కువే. మనవాళ్లకి ముందే తీసుకున్న వీసా తప్పనిసరి. ఫెయిర్‌కి వెళ్లేవాళ్లకి ఆహ్వాన పత్రం మీద ఎం వీసా, అంటే వ్యాపార వీసా ఇస్తారు. అరైవల్ కార్డు నింపి, వేలిముద్రలిచ్చి, ముద్ర వేయించుకుంటే అయిపోయింది. ఇప్పుడు ఆ కార్డు ఆన్‌లైన్‌లో ముందే నింపుకోవచ్చు కూడా.

మనం దిగే ఎయిర్‌పోర్టు పేరు గావ్‌చీ. అది షియామెన్ ద్వీపం మీదే, ఊరికి ఆనుకుని ఉంటుంది. ఎగ్జిబిషన్ సెంటరూ అదే ద్వీపంలో తూర్పు ఒడ్డున. టాక్సీలో పెద్ద దూరం కాదు. గ్రానైట్ బ్లాకులు చూడ్డానికి రాళ్ల వ్యాపారం జరిగే షుయ్‌తౌ ఊరికి వెళ్లాలంటే మాత్రం అది పక్క జిల్లా కింద లెక్క, గంట దాటుతుంది. అక్కడికి సాయంత్రం దిగీ దిగగానే బయల్దేరకండి.

టెర్మినళ్లు టీ3, టీ4 అని రెండు. ఒకదాన్నుంచి ఇంకోదానికి పెట్టె ఈడ్చుకుంటూ నడిచే దూరం కాదు, మధ్యలో బస్సు ఉంటుంది. తిరుగు ప్రయాణంలో డొమెస్టిక్ ఫ్లైట్ ఉంటే టికెట్ మీద టెర్మినల్ చూసుకునే టాక్సీ ఎక్కండి. నేను చూసుకోలేదు, పరిగెత్తాను. ఇంకో మాట, గావ్‌చీకి బదులుగా షియాంగాన్ వైపు దాదెంగ్ ద్వీపం మీద, సముద్రాన్ని పూడ్చి కొత్త ఎయిర్‌పోర్టు కడుతున్నారు. మీ టికెట్ మీద ఏ పేరుందో అదీ చూసుకోండి.

మార్చి అంటున్నారు కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నా: పొగమంచు. వసంతకాలంలో సముద్రం మీంచి వచ్చి రన్‌వేని కప్పేస్తుంది. ఇక్కడినుంచి నేరుగా షియామెన్‌కి ఫ్లైట్ లేదు, కౌలాలంపూరో సింగపూరో మీదుగానే ఎక్కువమంది వెళ్తాం. తిరిగొచ్చేటప్పుడు అక్కడ గంటన్నర గ్యాప్‌తో టికెట్ చవగ్గా దొరికిందని సంబరపడకండి. నేనైతే నాలుగైదు గంటలు ఉంచుకుంటా. వేరువేరు టికెట్లయితే ఇంకా ఎక్కువ.

సెక్యూరిటీలో పవర్ బ్యాంకు దగ్గర జాగ్రత్త. 2025 జూన్ 28 నుంచి చైనా డొమెస్టిక్ ఫ్లైట్లలో 3సీ గుర్తు (చైనా భద్రతా ధ్రువీకరణ ముద్ర) లేని పవర్ బ్యాంకుని ఎక్కనివ్వరు. మనం ఇక్కడ కొన్నవాటికి చాలావరకు ఆ గుర్తు ఉండదు. మా బావమరిది కొత్తది, బిల్లు కూడా చిరగనిది, అక్కడే వదిలేసి వచ్చాడు. ఆమాట అటుంచితే, ఎవరిదైనా సరే చెకిన్ పెట్టెలో పెట్టకూడదు, చేతిలోనే ఉండాలి. లైటర్ అసలు వద్దు.

గ్రానైట్ శాంపిల్ ముక్కలు మాత్రం చెకిన్‌లో వేయండి. ఒకసారి నా హ్యాండ్ బ్యాగులో నాలుగు ముక్కలుంటే స్కానర్ దగ్గర ఆపారు. తీసి చూపిస్తే ఆ అమ్మాయి "షిథౌ" అని నవ్వి, పక్కవాడికి కూడా చూపించి వదిలేసింది. షిథౌ అంటే రాయేనట. రాళ్ల బేరం చేసే ఊరు కదా, అలవాటే అయి ఉంటుంది. అన్ని చోట్లా అలా నవ్వరు.

తిండి సంగతి అడగలేదు గానీ, గేట్ల దగ్గర వేడినీళ్ల కుళాయిలుంటాయి, మరిగేంత వేడి. అందరూ కప్ నూడుల్స్ చేసుకుంటుంటారు. శాకాహారులైతే నాలుగు ఇన్‌స్టంట్ ఉప్మా ప్యాకెట్లు, ఒక స్టీలు గ్లాసు, స్పూను పెట్టుకోండి. ఫ్లైటు ఆలస్యమైన రోజున నాకు రెండు పూటలా అదే భోజనం.