ప్రైవేటు గ్రూపు నడిపే ఎమర్జెన్సీ మెడిసిన్ రెసిడెన్సీని ర్యాంకు చేయవచ్చా? – సమాధానం

మీకు నచ్చిన రెసిడెన్సీ (వైద్యులకు ఆసుపత్రిలో ఇచ్చే ప్రత్యేక శిక్షణ) ప్రోగ్రాంలో బోధించే వైద్యులు ఆసుపత్రి ఉద్యోగులు కాక, ఆసుపత్రితో కాంట్రాక్టు మీద పనిచేసే ఒక ప్రైవేటు వైద్యుల గ్రూపుకు చెందినవారని తెలిసి వెనకాడుతున్నట్టు రాశారు. ఆ ఒక్క కారణంతో దానిని, మీరు ప్రోగ్రాంలను ఇష్టాన్ని బట్టి వరుసగా రాసి ఇచ్చే ర్యాంకు జాబితా నుంచి తీసివేయనవసరం లేదు. అమెరికాలో అనేక ఎమర్జెన్సీ విభాగాలు ఇలాగే నడుస్తాయి; మీ జీతమూ, విదేశీ వైద్యులు శిక్షణ కోసం తీసుకునే జే-1 వీసాకు కావలసిన ఒప్పంద పత్రమూ సాధారణంగా ఆసుపత్రి నుంచో, విశ్వవిద్యాలయం నుంచో వస్తాయి.

అసలు చూడవలసింది ఆసుపత్రికీ గ్రూపుకూ మధ్య ఉన్న కాంట్రాక్టు. ఒహాయోలోని ఆక్రన్‌లో సుమ్మా హెల్త్ అనే ఆసుపత్రుల సంస్థ, ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న స్థానిక గ్రూపుతో ఒప్పందం కుదరక, 2017 జనవరి 1న మరో గ్రూపును తెచ్చుకుంది. బోధించే వైద్యులు వెళ్ళిపోయారు. ఆ ఏడాది జూలై 1 నుంచి రెసిడెన్సీ గుర్తింపును, అమెరికాలో ఇలాంటి శిక్షణలకు గుర్తింపునిచ్చే ఏసీజీఎంఈ సంస్థ ఉపసంహరించడంతో, రెసిడెంట్లు చదువు మధ్యలో వేరే చోట్లు వెతుక్కోవలసి వచ్చింది.

కనుక ఇంటర్వ్యూలో కాంట్రాక్టు ఎప్పటితో ముగుస్తుందో, గ్రూపు యాజమాన్యం అక్కడి వైద్యులదో లేక మదుపుదారుల డబ్బుతో కంపెనీలను కొనే ప్రైవేటు ఈక్విటీ సంస్థదో మర్యాదగానే అడగండి. అప్పట్లో కేకేఆర్ అనే ప్రైవేటు ఈక్విటీ సంస్థ చేతిలో ఉన్న, ఆసుపత్రులకు వైద్యులను సమకూర్చే ఎన్విజన్ అంతటి పెద్ద సంస్థే 2023 మే నెలలో దివాలా రక్షణ కోరింది. గత మూడేళ్లలో ఎంతమంది అధ్యాపకులు మానేశారో, రోగుల సంఖ్యను బట్టి జీతం పొందే వైద్యుడు మీకు ఇంట్యుబేషన్ (శ్వాసనాళంలోకి గొట్టం వేయడం) నేర్పడానికి ఆగుతాడో లేదో మాత్రం డైరెక్టరును కాదు, రెండో, మూడో సంవత్సరపు రెసిడెంట్లను విడిగా అడగండి. ఆసుపత్రి మూతపడినా వర్తించే టెయిల్ బీమా (మీరు అక్కడ చేసిన చికిత్సపై తర్వాత వచ్చే దావాలకు రక్షణ) ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి.