గురక ఆగినప్పుడే భయపడాలి

ప్రశ్న: డాక్టర్ గారూ, మావారికి 46 ఏళ్లు, స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టుల ఉద్యోగం. గురక పెళ్లినాటి నుంచీ ఉంది, దానికి నేను ఎప్పుడో అలవాటు పడిపోయాను. కానీ ఏడాదిగా ఆ గురక మధ్యలో ఠక్కున ఆగిపోతోంది. గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను, ఒకసారి 25 సెకన్లు. ఆ తర్వాత పొలమారినట్టు పెద్ద చప్పుడుతో ఊపిరి అందుకుని మళ్లీ గురక మొదలు. ఆగినప్పుడల్లా లేచి భుజం తడుతున్నాను, నాకు నిద్ర లేదు. అడిగితే 'నేను హాయిగా పడుకున్నాను, అంతా నీ అనుమానం' అంటారు. పొద్దున్నే తలనొప్పి, కుర్చీలో కూర్చుంటే కునుకు, బీపీకి రెండు రకాల మాత్రలు వాడుతున్నా తగ్గట్లేదు. మా అత్తగారేమో గురక పెట్టేవాడిదే గాఢ నిద్ర అంటారు. నేను నిజంగానే ఎక్కువ ఆలోచిస్తున్నానా?
- ఒక పాఠకురాలు, కూర్మన్నపాలెం

జవాబు: లేదమ్మా. గడియారం పెట్టుకుని మీరు చూసిందే ఈ జబ్బుకి అసలైన ఆనవాలు. దీన్ని స్లీప్ అప్నియా అంటారు.

నిద్రపట్టగానే ఒంట్లో కండరాలు వదులవుతాయి, గొంతులోవి కూడా. కొందరికి నాలుక వెనక్కి జారి, అంగిలి చివర ఉండే మెత్తటి భాగం వాలిపోయి, గాలి వెళ్లే దారి సన్నబడుతుంది. ఆ ఇరుకులోంచి గాలి దూరేటప్పుడు వచ్చే అదురే గురక. దారి మొత్తం మూసుకుపోతే ఇక చప్పుడు ఉండదు, ఎందుకంటే గాలే ఉండదు. ఈసారి ఆగినప్పుడు ఆయన ఛాతీని, పొట్టని గమనించండి. అవి ఎగసిపడుతూనే ఉంటాయి, ఊపిరి కోసం లాగుతూనే ఉంటారు, లోపలికి మాత్రం ఏమీ వెళ్లదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంటే మెదడు ఆయన్ని ఒక్క క్షణం లేపుతుంది, గొంతు తెరుచుకుంటుంది, మళ్లీ నిద్ర. ఆ మెలకువ ఎంత చిన్నదంటే పొద్దున్నకి గుర్తే ఉండదు. అందుకే హాయిగా పడుకున్నానని ఆయన నమ్మకంగా చెబుతున్నారు, మీతో అబద్ధం ఆడట్లేదు.

10 సెకన్లు, ఆపైన ఊపిరి ఆగితే దాన్ని ఒక అప్నియాగా లెక్కేస్తాం. పూర్తిగా ఆగకపోయినా బాగా తగ్గిపోయి ఆక్సిజన్ పడిపోతే అవీ కలుపుతాం. ఇలాంటివి గంటకు 5 దాటితే జబ్బు ఉన్నట్టు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. గంటకు 30 అంటే రెండు నిమిషాలకోసారి ఎవరో గొంతు నొక్కి వదిలినట్టు, రాత్రంతా. నొక్కిన ప్రతిసారీ బీపీ ఎగురుతుంది. మాత్రలకు లొంగని బీపీ వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. పట్టించుకోకుండా వదిలేస్తే గుండె లయ తప్పడం, పక్షవాతం లాంటి వాటి ముప్పు పెరుగుతుంది. రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేస్తున్నారా? దానికీ ఇది కారణం కావచ్చు. మగవాళ్లయితే ప్రోస్టేట్ అనుకుని వేరే డాక్టర్ల చుట్టూ తిరుగుతారు.

మీరు చేయాల్సిన మొదటి పని, ఈ రాత్రికే, దుప్పటి నడుము దాకా తీసి ఛాతీ కనిపించేలా ఫోన్లో రెండు నిమిషాల వీడియో తీయండి. మీ మాట వినని మనిషి ఆ వీడియో చూశాక వింటారు. దాన్ని తీసుకుని విశాఖ కేజీహెచ్‌లోనో, వాల్తేరు ఛాతీ ఆసుపత్రిలోనో, మీకు వీలైన చోట ఊపిరితిత్తుల డాక్టర్‌కి చూపించండి. స్లీప్ స్టడీ రాస్తారు. ఇంట్లో చేసుకునేదైతే ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు, అంతే, సూది గుచ్చేది లేదు. ఇంట్లో చేసినదాంట్లో ఏమీ లేదని వచ్చి, లక్షణాలు మాత్రం ఇలాగే ఉంటే, ల్యాబ్‌లో ఒక రాత్రి పడుకోబెట్టి చేసే పూర్తి పరీక్ష అడగండి.

రిపోర్టు వచ్చేదాకా వెల్లకిలా పడుకోనివ్వకండి. పాత బనీను వీపు మీద చిన్న జేబు కుట్టి అందులో రబ్బరు బంతి పెడితే, వెల్లకిలా తిరిగినప్పుడల్లా గుచ్చుకుని తనే పక్కకు తిరుగుతారు. మద్యం, నిద్రమాత్రలు గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి కాబట్టి అవి వద్దు. ఒక్క విషయంలో మాత్రం అస్సలు రాజీ పడకండి: నైట్ షిఫ్టు దిగి ఆయన బైక్ మీద ఇంటికి రాకూడదు, బస్సో ఆటోనో ఎక్కాలి. పట్టపగలే కునుకు పడే మనిషికి తెల్లవారుజామున లారీల మధ్య హైవే మీద ఒక్క క్షణం రెప్ప వాలితే చాలు. టెన్షన్ పెట్టడానికి చెప్పట్లేదు, నిజంగా అంత ముఖ్యం కాబట్టి చెబుతున్నాను.

ప్రశ్న: నాకు 63. టెస్టులో గంటకు 41 వచ్చింది, నిద్రలో మాస్క్ ద్వారా గాలి పంపే సీప్యాప్ మెషీన్ రాశారు. కొని మూడు రాత్రులకే మూలన పెట్టేశాను. గొట్టంలో నీళ్లు చేరి ముక్కు మీద పడతాయి, నోరు ఎండిపోతుంది, కరెంటు పోతే ఊపిరాడదని భయం. దీని బదులు ఏదో ఇంజెక్షన్ వచ్చిందటగా?
- ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: దయచేసి ఆ మెషీన్ మళ్లీ బయటికి తీయండి. మీ ఇబ్బందులన్నిటికీ దారి ఉంది.

1981లో సిడ్నీలో కాలిన్ సల్లివన్ అనే డాక్టర్ ముందుకు తెచ్చిన పద్ధతి ఇది. అది ఆక్సిజన్ ఇచ్చే మెషీన్ కాదు. మామూలు గాలినే కొంచెం ఒత్తిడితో పంపి, గొంతు మూసుకుపోకుండా లోపలి నుంచి ఆనిస్తుంది. నీళ్ల సంగతికొస్తే, మెషీన్లోంచి వచ్చే వెచ్చటి తేమగాలి ఏసీకి చల్లబడిన గొట్టంలో నీరుగా మారుతోంది. ఏసీ 26కి పెంచండి, తేమ ఒక పాయింటు తగ్గించండి, మెషీన్‌ని మంచం కన్నా కింద పెట్టండి, గొట్టానికి గుడ్డ తొడగండి. నోరు ఎండుతోందంటే మీరు నోరు తెరుస్తున్నారు, గాలి అక్కడినుంచి పోతోంది. గడ్డం పట్టీ గానీ, నోరూ ముక్కూ కలిపి మూసే మాస్క్ గానీ అడగండి. మాస్క్ పట్టీలు చాలామంది బిగించేస్తారు, చెంపల మీద గీతలు పడేంత. పడుకుని, మెషీన్ ఆన్ చేసి, అప్పుడు సర్దుకోవాలి, పట్టీ కింద వేలు దూరాలి. మధ్యాహ్నం టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోండి, వారంలో తేడా తెలుస్తుంది. రాత్రి మధ్యలో తీసేయకండి, కలలొచ్చే నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ, చాలామందికి ఊపిరి ఆగడం కూడా ఆ నిద్రలోనే ఎక్కువ.

కరెంటు భయం నాకు అర్థమైంది. 2014 హుద్‌హుద్ తుఫాను తర్వాత మనం రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. మాస్క్‌కి గాలి బయటికిపోయే రంధ్రాలుంటాయి, కరెంటు పోతే మెలకువ వస్తుంది, తీసేసి పక్కకు తిరిగి పడుకోండి. తేమ ఇచ్చే హీటర్ ఆపేస్తే మెషీన్‌కి కరెంటు తక్కువే పడుతుంది, ఇంటి ఇన్వర్టర్ మీద నడుస్తుంది.

మీరు విన్న ఇంజెక్షన్ టిర్జెపటైడ్. స్థూలకాయం ఉండి అప్నియా మధ్యస్థంగానో తీవ్రంగానో ఉన్నవాళ్లకి అమెరికాలో 2024 డిసెంబర్లో అనుమతించారు. బరువు తగ్గించడం ద్వారా అది పనిచేస్తుంది, నెలలు పడుతుంది. ఎలా తగ్గినా బరువు తగ్గితే మంచిదే, 90 కిలోల మనిషి 9 కిలోలు తగ్గితే ఊపిరి ఆగే లెక్క సుమారు పావు వంతు తగ్గుతుంది. కానీ మీ 41కి ఈ రాత్రి కావాల్సింది మెషీన్. తగ్గాక మళ్లీ టెస్టు చేయించి, అప్పుడు ఆపాలో వద్దో డాక్టర్‌తో మాట్లాడండి, మీ అంతట మీరు ఆపకండి.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు, సన్నగా ఉంటాడు. నోరు తెరిచి గురక పెడతాడు, పక్క తడుపుతాడు, క్లాసులో కుదురుగా కూర్చోడని టీచర్ ఫిర్యాదు. పిల్లలకీ ఇది వస్తుందా?
- ఒక తల్లి, గోపాలపట్నం

జవాబు: వస్తుందమ్మా, సన్నగా ఉన్నా వస్తుంది. పిల్లల్లో ఎక్కువగా టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ వాచి దారి మూసేస్తాయి. పెద్దవాళ్లలా తూగరు, చికాకుగా, అతిగా గెంతుతూ ఉంటారు, దాన్ని అల్లరి అనుకుని తిడతాం. ఈ వారమే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. అవసరమైతే అవి తీసేసే ఆపరేషన్ చేస్తారు, చాలామంది పిల్లలకి దాంతోనే బాగవుతుంది. ఈలోపు పక్క తడిపాడని కొట్టకండి, అది వాడి చేతిలో లేదు.